రెండడుగుల సందు

భుజం దాకా వెళ్లాల్సిన చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. బేరింగులక్క ఇంకొంచెం తోసి చూసింది. వేళ్లకి గరుకుగా, చల్లగా తగిలింది. టార్చి వేస్తే సిమెంటు కనపడింది. మూలల్లో కూడా ఒక్క చిల్లు లేకుండా నిండా పూడ్చేసిన సిమెంటు. నిచ్చెన మీద నిలబడి ఆవిడ ముందు నమ్మలేదు, తరవాత నమ్మింది, ఆ తరవాత నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది. కింద నిచ్చెన పట్టుకున్న ముసలి వాచ్‌మన్ తననే తిడుతోందనుకుని నిచ్చెన వదిలేసి పోబోయాడు.

ఇరవై రెండేళ్లుగా ఆవిడ ఉద్యోగం ఒకటే. ఏడాదికోసారి నది మీది పెద్ద వంతెన కిందికి వెళ్లి, స్తంభాల తల మీద కూర్చున్న బేరింగుల్ని తడిమి, కొలిచి, బాగున్నాయని ఫారం మీద సంతకం పెట్టడం. అందుకే ఆఫీసులో అందరికీ ఆవిడ బేరింగులక్క. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. బేరింగంటే సైకిలు చక్రంలో గుండ్లు అనుకుంటారు జనం. ఇది అది కాదు. రబ్బరు పొర, ఉక్కు రేకు, మళ్లీ రబ్బరు పొర, అలా పేర్చి నడుమ సీసం పోసిన మోకాలెత్తు దిమ్మ. కింద స్తంభానికీ పైన రోడ్డుకీ మధ్య ఉండేది అదొక్కటే. మామూలు రోజుల్లో బరువు మోస్తూ నోరు మూసుకుని కూర్చుంటుంది. భూకంపం వస్తే స్తంభాలు నేలతో పాటు కదులుతాయి, రబ్బరు సాగుతుంది, ఆ ఊపులో చాలా భాగాన్ని సీసం మింగేస్తుంది. పైన రోడ్డు మాత్రం మీరు ఊగండి నాకేం అన్నట్టు దాదాపు ఉన్నచోటే ఉంటుంది.

ఉండాలంటే దానికి జాగా కావాలి కదా. ఈ వంతెనకి మైలు దూరంలోనే నేలలో పెద్ద పగులుంది. ఎక్కడో దూరాన వచ్చిన భూకంపమైతే మనల్ని జల్లెడ పట్టినట్టు వణికించి పోతుంది. పగులు పక్కింట్లోనే ఉంటే అలా కాదు. నేల ఒక్క పెట్టున ఒక పక్కకి తోసేస్తుంది, వెంటనే వెనక్కి లాగుతుంది. ఆ తోపుకి స్తంభాలూ, గట్టు గోడలూ పైనున్న రోడ్డుని వదిలి అడుగున్నర దాకా జరగొచ్చు. అందుకే కట్టినవాళ్లు రెండు కొసల్లోనూ, రోడ్డు కొసకీ గట్టు గోడకీ మధ్య, రెండేసి అడుగుల సందు వదిలి, బళ్లు పోవడానికి దాని మీద ఉక్కు పళ్ల జాయింటు వేశారు. ఆ సందు ఇప్పుడు లేదు. ఆవిడ నడుచుకుంటూ నదికి అవతల ఆస్పత్రి వైపు కొసకి వెళ్లి చూసింది. అక్కడా లేదు. నెల కిందట రోడ్డు సగం సగం మూసి పని చేస్తుంటే తారు వేస్తున్నారనుకుంది తను. ఆ సంగతి గుర్తొచ్చి తనని తాను కూడా రెండు తిట్టుకుంది.

సందు పూడ్చిన మేస్త్రీ ఆవిడకి తెలిసినవాడే. రెండు వీధుల అవతల మురుగు కాలవకి గోడ కడుతున్నాడు. ఆవిణ్ని చూడగానే నవ్వు మొహం పెట్టాడు.

"చూశావా అక్కయ్యా, వంతెన పని? నీళ్ల చుక్క కూడా కిందికి దిగదు. ముందు అక్కడ చెయ్యి పట్టేంత ఖాళీ వదిలేసి పోయారు పనికిమాలినవాళ్లు. ఏం కట్టారో ఏమో."

"చెయ్యి పట్టేంత కాదు, మనిషి పట్టేంత. కావాలని వదిలారు," అంది ఆవిడ.

"కావాలని ఖాళీ ఎవడన్నా వదులుతాడా?"

నిజమే మరి. ముప్పై ఏళ్లుగా అతనికి నేర్పిందంతా సందు కనపడితే పూడ్చమనే. గోడలో సందు ఉంటే మేస్త్రీకి పరువు తక్కువ. ఆవిడ కాలవ గట్టు మీద కూర్చుని, రెండు ఇటుకల మధ్య జాగా వదిలి, మీద ఇంకో ఇటుక పెట్టి, కింది వాటిని కదిపి చూపించింది. తరవాత జాగాలో రాయి దోపి మళ్లీ కదిపింది. మీది ఇటుక ఎగిరి మేస్త్రీ కాలి మీద పడింది. అతను కాలు పట్టుకోలేదు. ఇటుకనే చూస్తూ ఉండిపోయాడు.

"నాకెవరూ చెప్పలేదక్కయ్యా. పెద్ద ఇంజనీరు ఆఫీసు నించి కాగితం వచ్చింది. జాయింటు పీకి పూడ్చమన్నారు. పూడ్చాను. నా చేత్తో నేనే…" అని, చేతిలోని తాపీ కింద పెట్టేశాడు.

అక్కణ్నించి ఆవిడ తిన్నగా పెద్ద ఇంజనీరు గదికి వెళ్లింది. ఆయన మంచి మాటకారి. ఎవరి మీదా గొంతు పెంచడు. కోపంగా వచ్చినవాళ్లకి కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఆ టీ చల్లారేలోపు వాళ్ల కోపాన్నీ చల్లార్చి పంపుతాడని పేరు. ఆవిడ టీ ముట్టుకోలేదు.

"బేరింగులు ఎలా ఉన్నాయి?" అన్నాడాయన.

"బంగారంలా ఉన్నాయి. రెండు కొసల్లోనూ సందు పూడ్చేశారు సార్."

"బేరింగులు బాగున్నాయి కదా. మరి సంతకం పెట్టేయండి."

"సందు లేకపోతే అవి కదలవు సార్. కదలని బేరింగు ఉన్నా ఒకటే, దాని బదులు బండరాయి పెట్టినా ఒకటే."

ఆయన ఫారం తీసి ఆవిడ ముందు పెట్టాడు. రబ్బరు పగిలిందా, ఉక్కు తుప్పు పట్టిందా, బోల్టులు వదులయ్యాయా. పద్నాలుగు కాలాలు. సందు గురించి ఒక్క కాలం లేదు. "చూడండి. బేరింగులు మన విభాగం. పైన జాయింటు రోడ్ల విభాగం. గట్టు గోడ నీటిపారుదల వాళ్లది. సందంటే ఏంటి, ఖాళీ. ఖాళీ ఎవరి కిందికి వస్తుంది చెప్పండి?"

అది వినేసరికి ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వంతెన నిలబడేదే ఆ ఖాళీ వల్ల. దానికి దిక్కు లేదట. రేపు దాని మీద పోయే వేలమందికి దిక్కెవరు?

"అసలు ఎందుకు పూడ్చారు?"

"ఊరికే పూడుస్తామా? ఫిర్యాదు వచ్చింది. ఆస్పత్రి వాళ్లు నలభైమంది సంతకాలు పెట్టి ఇచ్చారు, జాయింటు దగ్గర కుదుపుకి రోగులు చచ్చిపోతున్నారని. మనం స్పందించాం. ఫిర్యాదు పరిష్కారమైందని రాసి మూసేశాం. ఇప్పుడు మళ్లీ తవ్వామంటే మనం చేసింది తప్పని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది."

ఆయన ఫైలు తిప్పి చూపించాడు. అర్జీ కింద మొట్టమొదటి సంతకం మీద ఆవిడ వేలు పెట్టి మళ్లీ చదివింది. ఆ సంతకం ఆవిడ రోజూ చూసేదే. పాలవాడి పుస్తకంలో, గ్యాసు రసీదు మీద. సొంత చెల్లెలిది.

చెల్లెలు అంబులెన్సు నడుపుతుంది. ఆస్పత్రి నదికి అవతల, ఊరు ఇవతల. రోజుకి పదిసార్లు ఆ వంతెన దాటుతుంది. భర్త పోయాక అక్క దగ్గరికే వచ్చేసింది. పదకొండేళ్లుగా ఇద్దరిదీ ఒకే రెండు గదుల వాటా. ఆ సాయంత్రం అక్క ఇంట్లోకి వచ్చీ రాగానే చెప్పులైనా విప్పకుండా మొదలుపెట్టింది. ఆ అర్జీ పెట్టే ముందు ఇంట్లో ఒక మనిషి ఉందని గుర్తు రాలేదా, ఆ వంతెన కిందే తన బతుకంతా గడిచిపోయిందని తెలీదా, అని. చెల్లెలు బియ్యం కడుగుతూ అంతా విని, గిన్నె కింద పెట్టింది.

"అయిపోయిందా? ఇప్పుడు నేను చెప్తా విను. వెన్ను విరిగినవాణ్ని ఎప్పుడైనా బండిలో వేసుకుని పోయావా నువ్వు? నేను పోయాను. ఆ జాయింటు ఎక్కేటప్పుడు ఎంత నెమ్మదిగా పోనిచ్చినా ఒక్క కుదుపు. వాడి కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నువ్వు ఎప్పుడో వచ్చే భూకంపం గురించి చూసుకుంటావు. నేను రోజూ వచ్చే రోగుల్ని చూసుకుంటా. సాఫీ చెయ్యమన్నాను, అంతే. సిమెంటుతో పూడ్చమని నేను రాశానా?"

అక్క ఇంకా చెప్పులతోనే గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"అసలు నువ్వు కింద ఏం చేస్తావో ఒక్కనాడైనా చెప్పావా నాకు? అడిగితే, నీకు అర్థం కాదులే అంటావు."

ఆ మాట సూటిగా తగిలింది. ఆవిడ చెప్పులు విప్పి, మెల్లిగా అడిగింది.

"నీ బండిలో స్ట్రెచరు ఉంది కదా. చక్రాల లాకు తీసేసి బండిని ఒక్కసారి ముందుకి లాగావనుకో. ఏమవుతుంది?"

"స్ట్రెచరు ఉన్నచోటే ఉంటుంది. బండే దాని కింద నించి పోతుంది."

"వెనక తలుపు?"

"తలుపు వచ్చి స్ట్రెచరుని కొడుతుంది. మధ్యలో జాగా ఉంటే బతికిపోతాం."

"ఆ జాగాలోనే సిమెంటు పోశారు. లాకు తీసే ఉంది, తలుపు మాత్రం ముందే ఆనించి పెట్టేశారు."

చెల్లెలు చేతులు తుడుచుకుని, తెల్లకాగితం తెచ్చి, బల్ల ముందు కూర్చుంది. సిమెంటు తీసేయాలి, జారే ఉక్కు పలక వేయాలి, అప్పుడు కుదుపూ ఉండదు, అడ్డమూ ఉండదు. అలాంటి పలకలు ఉన్నాయా అని అక్కని అడిగింది. ఉన్నాయి. మరి ముందే ఎందుకు వేయలేదు? దానికి ఆవిడ దగ్గర ఒక బూతుమాట తప్ప జవాబు లేదు. అదే చెప్పింది. చెల్లెలు చాలా రోజుల తరవాత అక్కని చూసి నవ్వింది.

మర్నాడు అర్జీ ఇచ్చారు, అదే నలభైమంది సంతకాలతో. పెద్ద ఇంజనీరు చదివి, ఎంతో సంతోషించినట్టు తలాడించి, చెల్లెల్ని పంపించేసి, అక్కని ఉండమన్నాడు.

"పలకలు రావాలంటే ఆరు నెలలు. సిమెంటు తీయడం అంటారా, తీద్దాం. ఆస్పత్రి కొస ఈ వారమే తీయిస్తా. ఊరి కొస వచ్చే వారం. రెండూ ఒకేసారంటే ట్రాఫిక్ వాళ్లు నా మీద పడి ఏడుస్తారు. కానీ ఈ నెలాఖరుకి మీ ఫారం పైకి వెళ్లకపోతే వంతెన మీద బళ్లు ఆపాలి. అంబులెన్సులు కూడా. మీకది ఇష్టమేనా? బేరింగులు బాగున్నాయన్నారు. అబద్ధం రాయమనట్లేదుగా."

"సగం తీస్తారా? భూకంపం కూడా సగం వస్తుందా సార్?"

"వారంలో రెండోది కూడా తీయిస్తానని మాటిస్తున్నా కదా."

ఆవిడ ఆ ఫారం వంక చూసింది. పద్నాలుగు కాలాలు. రాసిన ప్రతి ముక్కా నిజమే. సంతకం పెట్టకపోతే ఆయన ఇంకెవరి చేతో పెట్టిస్తాడు, అప్పుడు ఒక కొసా తీయడు. పెడితే ఒకటైనా ఈ వారం తెరుచుకుంటుంది. అలా లెక్క వేసుకుని పెట్టేసింది. ఆ రోజు మొదటిసారి చల్లారిన టీ తాగింది కూడా. ఇంటికి వెళ్లి, ఒక వైపు ముందు తీస్తున్నారని చెల్లెలికి చెప్పింది. సంతకం సంగతి ఎత్తలేదు.

నాలుగు రోజుల్లో మేస్త్రీ ఆస్పత్రి కొసని పగలగొట్టాడు. తను పోసిన సిమెంటు కదా, ఎక్కడ కొడితే ఎలా విరుగుతుందో అతనికి తెలుసు. ముక్కలన్నీ ఏరి, సందు అడుగున చీపురు పెట్టి ఊడ్చి, పైన బళ్లకి తాత్కాలికంగా ఇనప రేకు పరిచాడు. ఆవిడ వెళ్లి చెయ్యి పెట్టి చూసింది. భుజం దాకా వెళ్లింది.

"పగలగొట్టే మిషను ఎలాగూ ఇక్కడే ఉంది అక్కయ్యా. ఊరి కొసది కూడా రేపు కొట్టేస్తా. కాగితం ఎప్పుడొస్తే అప్పుడు రానీ," అన్నాడతను.

"వద్దు. ఆర్డరు లేకుండా ముట్టుకుంటే నిన్ను మళ్లీ ఏ పనిలోనూ పెట్టుకోరు. వారమేగా. ఆయన మాటిచ్చాడు."

వారం అయింది. ఎవరో పెద్దమనిషి వంతెన దాటి పోతున్నాడట, ఆ రోజు తవ్వితే బాగుండదట. రెండో వారం అయింది. మిషను ఇంకో పనికి పోయిందట. ఆవిడ రోజూ ఆ గది ముందు నిలబడింది. రోజూ కుర్చీ వేశారు. రోజూ టీ ఇచ్చారు. చివరికి ప్యూన్ కూడా ఆవిణ్ని చూస్తే జాలిపడి పంచదార ఎక్కువ వేయడం మొదలుపెట్టాడు.

సంతకం పెట్టిన పంతొమ్మిదో రోజు పొద్దున పదకొండింటికి భూమి కదిలింది.

వణకలేదు. కూర్చున్న కుర్చీని వెనక నించి ఎవరో ఏనుగంతవాడు తోసినట్టు ఒక్క తోపు. ఆవిడ బల్ల మీద పడేలోపే రెండోది, ఇటు వైపు. ఫైళ్ల బీరువాలు బోర్లా పడ్డాయి. తరవాత నిశ్శబ్దం, దాని తరవాత అరుపులు. ఆవిడ మెట్లు దిగింది. వీధిలో పడిన గోడలు దాటుకుంటూ, చెప్పులు ఎక్కడ పోయాయో తెలీకుండా, నది దాకా పరిగెత్తింది.

వంతెన నిలబడే ఉంది. స్తంభం మీద ఒక్క బీట లేదు. బేరింగులు సాగి, మళ్లీ సర్దుకుని, అవి చేయాల్సిన పని అవి చేసేశాయి. అవతల ఆస్పత్రి కొస చెక్కు చెదరలేదు. మేస్త్రీ ఊడ్చిన సందులో అక్కడి గట్టు గోడ హాయిగా జరిగింది. ఊరి కొసలో మాత్రం గట్టు గోడ జరగడానికి జాగా లేక పోయి సిమెంటుని గుద్దింది, సిమెంటు రోడ్డు కొసని గుద్దింది. గోడ పగిలి, దాని వెనకున్న మట్టంతా జారిపోయి, వంతెన ఎక్కే దారి మనిషి లోతున కూలిపోయింది. అటు చూస్తే నిక్షేపంలాంటి వంతెన. దాని మీదికి ఎక్కడానికి దారి లేదు.

ఆ గొయ్యి అంచున చెల్లెలి అంబులెన్సు ఆగి ఉంది.

లోపల ఒకామె, దర్జీ. నలభై ఏళ్లుంటాయి. కొట్టు గోడ ఛాతీ మీద పడింది. మెడలో కొలత టేపు అలాగే ఉంది. ఊపిరి తీస్తుంటే ఎక్కడో లోపల ఈల వేసినట్టు వినపడుతోంది. బండిలో నాలుగు నిమిషాల దారి, ఎదురుగా ఆస్పత్రి కిటికీలు కూడా కనపడుతున్నాయి. చెల్లెలు అక్కని చూసింది గాని ఏమీ అడగలేదు. మేస్త్రీ ఎక్కణ్నించో పరంజీ పలకలు మోసుకొచ్చాడు. ఆరుగురు గొయ్యిలోకి దిగి, పలకలు వేసి, స్ట్రెచరుని భుజాల ఎత్తున పట్టుకుని అవతలికి ఎక్కించారు. ఆ మట్టి కాలు పెడితే జారిపోయేది. అరగంట పట్టింది. వంతెన మీదికి చేరాక తోసుకుంటూ పరిగెత్తారు. దర్జీ రెండుసార్లు అడిగింది, వచ్చేశామా అని. వచ్చేశాం తల్లీ, అదిగో, అంది బేరింగులక్క. మూడోసారి ఆమె అడగలేదు. ఆస్పత్రి కొస ఇంకా వంద అడుగుల దూరం ఉంది.

వెనక్కి నడిచి వస్తుంటే చెల్లెలు అప్పుడడిగింది.

"రెండో పక్క ఎందుకు తీయలేదు?"

"వారంలో తీస్తానన్నాడు."

"అంటే నువ్వు ఊరుకున్నావా? నువ్వా?"

"సంతకం పెట్టాను. ఒక పక్క తీస్తానంటే, ఫారం మీద సంతకం పెట్టేశాను."

చెల్లెలు అడుగు వేగం పెంచి ముందుకి నడిచిపోయింది. తిట్టినా బాగుండేది. ఇంట్లో మూడు రోజులు ఎవరి కంచం వాళ్లు కడుక్కున్నారు తప్ప ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఆ మూడు రోజులూ పేపర్లలో వంతెన ఫొటోనే. పగులు పక్కనే ఉన్నా చెక్కు చెదరని వంతెన. పక్కన పెద్ద ఇంజనీరు. ఆధునిక పరిజ్ఞానం ప్రాణాలు కాపాడిందని ఆయన చెప్పాడట. ఆవిడ ఆ పేపర్ని ముక్కలు ముక్కలు చింపి, చాలక ఆ ముక్కల్ని కాళ్లతో తొక్కింది.

నాలుగో రోజు విచారణ. పైనుంచి వచ్చిన అధికారి, ఆయన పక్కన పెద్ద ఇంజనీరు, మధ్యలో ఆవిడ ఫారం. అధికారి ఫారం చదివి, సాగిన బేరింగుల ఫొటోలు చూసి, మర్యాదగా తలెత్తాడు.

"మీ రిపోర్టు అక్షరాలా సరిపోయిందమ్మా. ఒక్క బేరింగూ పోలేదు. గట్టు గోడ మీ పరిధిలోది కాదు. మీ తప్పేం లేదు. మీరిక వెళ్లొచ్చు."

"ఒకామె చచ్చిపోయింది సార్," అంది ఆవిడ.

"విపత్తులో పోయారు. చాలా బాధాకరం."

"విపత్తులో పోలేదు. విపత్తు నించి బయటపడే మా చెల్లెలి బండి ఎక్కింది. గొయ్యి దాటించడానికి మాకు అరగంట పట్టింది, ఆ అరగంటలో పోయింది. ఆ గొయ్యి భూకంపం చేసింది కాదు, మనం చేసింది. ఈయన పూడ్పించాడు. తీయమంటే వారం వారం తిప్పాడు. అంతా తెలిసి నేను సంతకం పెట్టాను. మేస్త్రీ కొట్టేస్తానంటే వద్దని ఆపింది కూడా నేనే. తప్పేం లేదని మీరెవరు నాకు చెప్పడానికి?"

ఆవేశపడకండి అన్నాడు అధికారి. టీ తెప్పించనా అన్నాడు పెద్ద ఇంజనీరు.

ఆవిడ బల్ల మీది పెన్ను తీసుకుంది. ఫారం వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న ఆ వైపు పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. ఊరి కొసలో సందు పూడ్చి ఉంది. నాకు తెలుసు. పెద్ద ఇంజనీరుకి తెలుసు. అయినా బాగుందని పంపాం. దాని వల్ల ఒక దర్జీ చనిపోయింది. కింద తన సంతకం పెట్టింది. తరవాత కాగితాన్ని పెద్ద ఇంజనీరు ముందుకి జరిపి, పెన్ను దాని మీద పెట్టింది.

"నా పక్కన మీరు కూడా పెట్టండి సార్."

ఆయన అధికారి వంక చూశాడు. అధికారి కిటికీ వంక చూశాడు. పెన్ను అక్కడే ఉంది. ఆవిడ కుర్చీ ఇంకాస్త బల్ల దగ్గరికి లాక్కుని, మోచేతులు ఆనించి కూర్చుంది.

"నాకు తొందరేం లేదు," అంది.